వంకర చిమ్నీ

మొదటి మంచు పడేలోగా పొయ్యి వెలగకపోతే చలికాలమంతా తమ్ముడింట్లో ఉంటానని ఆర్డిత్ మాటిచ్చింది. ఇచ్చినప్పటి నుంచీ ఆ మాట గొంతులో చేపముల్లయి కూచుంది. వయసంతా సార్డిన్ ఫ్యాక్టరీలో చేపల తలలు కోసిన మనిషికి ముల్లు తీయడం ఒకరు నేర్పాలా?

ముత్తాత కట్టిన ఇటుకల చిమ్నీ అది. లోపల సున్నం రాలిపోయింది. పొగను నేరుగా అందులోకి వదిలితే పగుళ్లలోంచి నిప్పు అటకకు అంటుకుంటుంది. అందుకని పైనుంచి పొయ్యిదాకా ఉక్కు గొట్టం దింపాలి. కానీ అటకలో చిమ్నీ నిద్రలో ఒత్తిగిలిన మనిషిలా పక్కకు ఒరిగి, మళ్లీ లేచి కప్పు దాటుతుంది. చూడ్డానికొచ్చిన పనివాడు పెదవి విరిచాడు.

"ఈ వంపులో గొట్టం దిగదమ్మా. కూలగొట్టించెయ్."

"ఆ ఇటుకలతోపాటు నన్నూ బండికెత్తు," అని తలుపు చూపించింది ఆర్డిత్.

అట్లాంటిక్ మీద ఆకాశం బూడిదరంగు తిరిగిన పొద్దున, తమ్ముడు వెర్లన్ కప్పెక్కి వంగే ముడతల ఉక్కు గొట్టాన్ని చిమ్నీలోకి వదిలాడు. అటకలో ఆర్డిత్ ఇటుకలకు చెవి ఆనించింది. లోపల ఎవరో వానను మెల్లగా కిందికి దించుతున్నట్టుంది. వంపు దగ్గర ఆ చప్పుడు ఆగింది.

"ఇరుక్కుందక్కా!"

"తొయ్యరా."

"తోస్తే నలుగుద్ది! మంత్రగత్తెలు దిగకూడదని వంకరగా కట్టాడంట ముత్తాత. గొట్టమేం దిగుద్ది?"

"మంత్రగత్తె ఈ ఇంట్లోనే పుట్టింది, ఆ వంపు ఇంకెవర్ని ఆపుద్ది? వదలకుండా పట్టుకో."

ఇటుకల సందున ఉలి పెట్టి కొట్టింది. సున్నం పిండిలా రాలింది.

"ఏంటా చప్పుడు? కొంప కూలుద్దే!"

"కూలితే నీకు ముందే తెలుస్తుందిలే, పైనున్నావుగా!"

చెయ్యి పట్టేంత కంత అయ్యింది. లోపల పాతకాలపు చీకటి, చల్లటి మసి వాసన. భుజందాకా చెయ్యి దూర్చి గొట్టం మూతిని చేపను పట్టినట్టు పట్టుకుంది.

"ఇప్పుడు వదులు!"

ఆమె అరచేతిలో గొట్టం ఒళ్లు తిప్పుకుని, వంపు దాటి, కిందికి జారిపోయింది.

తీసిన ఇటుకల్ని మళ్లీ పేర్చి సున్నం పెట్టింది. కిందికొచ్చి గొట్టాన్ని పొయ్యికి బిగిస్తుండగా వెర్లన్ దిగొచ్చాడు. టోపీ నిండా తెల్లటి రేకులు. మొహం నిండా నవ్వు.

"మంచు పడింది. మాటంటే మాటే. బట్టలు సర్దుకో."

"నీ టోపీ మీద పడింది. నా కప్పు మీద కాదు."

"నేనున్నది నీ కప్పు మీదేగా!"

"అదే మరి. నువ్వు అడ్డమున్నావు."

ఆర్డిత్ అగ్గిపుల్ల గీసింది.

"నిలబడ్డావేం? కట్టెలందించు."