ఐలయ్యకు ఇవ్వాల్సిన జవాబు

లింగమూర్తి కాలి ఎముక అతుక్కుంది గానీ మోకాలు మొండికేసింది. రాయదుర్గం మేడల అద్దాలు తుడిచిన మనిషి. అంతంత ఎత్తున తాడుకు వేలాడినవాడు, ఇప్పుడు బోరబండ ఇంట్లో మంచినీళ్ల చెంబు కోసం భార్య సీతాబాయిని పిలవాల్సి వస్తోంది. కర్మ కాకపోతే ఏమిటి చెప్పండి!

వ్యాయామం చేయించడానికి వచ్చే ప్రియదర్శిని కాకినాడ అమ్మాయి. మడమ పట్టుకుని వంచబోతే తొడ కండ రాయిలా బిగుసుకుంటోంది. ఓ ఉదయం ఆమె కాలు వదిలేసి ఆయన ముఖంలోకి చూసింది.

"రాత్రిళ్లు నిద్రపోతున్నారా అండీ?"

ఆయన తల తిప్పుకున్నాడు. కండ సడలేదీ, పగటి శ్రమ ఒంటికి పట్టేదీ నిద్రలోనేననీ, నిద్ర కరువైతే నొప్పి కూడా పెరుగుతుందనీ ఆమె చెప్పింది. ఈ నెలలో వంగకపోతే మత్తిచ్చి వంచాల్సిందేనని డాక్టరు అన్న మాటా దాచలేదు. అప్పటికీ వంగకపోతే ఇక తాడెక్కడం కల్ల.

నిద్ర రాక కాదు, ఆయనే రానివ్వడం లేదు. మేడ మూలకు చెరోవైపు వేలాడే ఇద్దరు ఒకరికొకరు కనబడరు. అందుకని ఒకరు "ఉన్నవా?" అని కేకేస్తే రెండోవాడు "ఉన్న" అనాలి. ఆ జవాబు వినేదాకా పిలిచినవాడు కదలకూడదు. అది వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. కాలు విరిగిన రోజు మూలకు అవతల వేలాడుతున్న ఐలయ్య పిలిచాడు. లింగమూర్తి నోరు తెరిచేలోగా పైన తాళ్లు కట్టిన ఇనుప దూలం ఊడింది. ఈయన కింద ముందుకు పొడుచుకొచ్చిన అంతస్తు కప్పు మీద పడ్డాడు. ఐలయ్య నేలదాకా పోయాడు.

అప్పటినుంచీ రెప్ప వాలితే చాలు, అదే గొంతు. ఉలిక్కిపడి "ఉన్న" అంటాడు, కాలు కొయ్యబారుతుంది. తాను నిద్రపోతే జవాబు కోసం ఐలయ్య అక్కడే వేలాడుతూ ఉండిపోతాడని ఆయన భయం. వెర్రి అనండి, ఇంకేమన్నా అనండి, ఆయనకది నిజం.

ఎవరికీ చెప్పొద్దన్నా వినకుండా సీతాబాయి ఈ సంగతి ఐలయ్య భార్య పోచమ్మ చెవిన వేసింది. పక్క సందే, మర్నాడు మధ్యాహ్నమే వచ్చి మంచం పక్కన కింద కూర్చుంది పోచమ్మ. ఆమె ముఖం చూడలేక లింగమూర్తి గోడవైపు తిరిగాడు.

"అన్నా, నన్ను గూడ పిలుస్తడు," అంది ఆమె.

ఆయన మెల్లగా ఇటు తిరిగాడు. "ఉన్న అని చెప్తున్నవా చెల్లె?"

"పిలిచినప్పుడల్ల చెప్తున్న. ఇద్దరమెందుకన్నా, ఒక్కరం చెప్తే సాలదా? నువ్వు జర పండుకో. ఇగ నేను చూస్కుంట."

లింగమూర్తి పసివాడిలా ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి, ఆమె అక్కడ కూర్చుని ఉండగానే నిద్రపోయాడు. పొద్దువాలేదాకా లేవలేదు.

నెల తిరగకముందే మోకాలు వంగింది. నిద్ర ఎంత పని చేసిందో చూశారా అని ప్రియదర్శిని మురిసిపోయింది. ఆయన తలూపాడు.

పాలకు వెళ్లినప్పుడు పోచమ్మ కనిపిస్తోందనీ, ఆమె కళ్లు రోజురోజుకీ లోపలికి పోతున్నాయనీ సీతాబాయి చెప్పింది.  ఆ రాత్రి ఐలయ్యకు తానే జవాబు చెప్పాలని ఆయన మేలుకుని ఉందామనుకున్నాడు. కానీ నిద్ర వచ్చేసింది.