అంగన్‌వాడీ కాగితంలో లేని గడి

నా చిన్నప్పుడు మా ఇంట్లో రెండు జీతాలు ఉండేవి. ఆ సంగతి మా నాన్న ఒక్క క్షణం కూడా మరిచిపోయేవారు కాదు. ఆయన మండపేటలో రైసు మిల్లు గుమాస్తా, అమ్మ మిషన్ స్కూల్లో టీచరు. తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు అమ్మకు కాన్పు సెలవు దొరికింది, సెలవులోనూ జీతం ఉంది. కాకపోతే ఆ బిల్లు పాసై డబ్బు చేతికి రావడానికి నెలలు పట్టేది. ఈలోగా మిల్లు జీతం ఇంటి ఖర్చులకీ నానమ్మ మందులకీ అయిపోయేది.

అమ్మకు రక్తం తక్కువగా ఉంది. కాన్పునాటికి పెరక్కపోతే తల్లికీ బిడ్డకీ కష్టమని నర్సమ్మ చెప్పి వెళ్ళింది. మా వీధిలో అంగన్‌వాడీ నడిపే టీచరమ్మ గుడ్లు, పిండి, రక్తం పట్టే మాత్రలు ఇస్తాను, పేరు రాయించుకోమంది. మా నాన్న వినలేదు. జీతాలు వచ్చేవాళ్ళం, లేనివాళ్ళ నోటి దగ్గరిది లాక్కోకూడదన్నారు. మంచి మనిషే గానీ మొండి. అమ్మను ఒక్క మాట అడగాలని కూడా ఆయనకు తట్టలేదు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. పాలిపోయిన అమ్మ ముఖం చూస్తే భయం వేసేది.

టీచరమ్మ వాదించలేదు. ఆదివారం మేము చర్చి నుంచి వచ్చేసరికి కుడిచేతికి కట్టు కట్టుకుని మా అరుగు మీద కూర్చుని ఉంది. చెయ్యి బెణికిందట, గర్భిణీల జాబితా రేపు ఆఫీసులో ఇవ్వాలట, అన్నయ్యగారి దస్తూరి అయితే ముత్యాల్లా ఉంటుందట. దస్తూరిని మెచ్చుకుంటే నాన్న ఇంక ఆగరు. అన్నం కూడా తినకుండా కార్బన్ పేపరు సర్దుకుని మొదలుపెట్టారు. పేరు, వయసు, ఎన్నో నెల, ఎన్నో కాన్పు. ఆరేడు పేర్లు రాశాక కలం ఆగింది. కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు.

"జీతం రాసే గడి ఏదమ్మా?"

"లేదండి అన్నయ్యగారూ. ఎన్నో నెలని అడిగేరు గానండి, మొగుడేం చేస్తాడని అడగలేదు."

ఆ తర్వాత ఆవిడ నెమ్మదిగా విడమరిచి చెప్పింది. పేర్లను బట్టే సరుకు వస్తుందట. మనం రాయించుకోకపోతే ఆ గుడ్డు ఇంకో ఇంటికి పోదు, అసలు ఊళ్ళోకే రాదు. నాన్న మిగిలిన పేర్లు కూడా ఎక్కించారు. తర్వాత చివరి వరసలో అమ్మ పేరు గుండ్రంగా రాశారు. తలుపు వెనక నుంచి అమ్మ, "ఇరవై తొమ్మిదండి, ముప్ఫై వేసేరు కాబోలు," అంది. అందరం నవ్వేశాం. వెళ్తూ వెళ్తూ టీచరమ్మ ఆ కట్టున్న చేత్తోనే మా జామ కొమ్మ వంచి, కాయ కోసి నాకిచ్చింది. నాన్న చూడలేదు, నేను చెప్పలేదు.

అమ్మ రోజూ గుడ్డు తింటోందో లేదో చూసే పని నాన్న నాకే అప్పజెప్పారు. తమ్ముడు బొద్దుగా, ఇల్లెగిరిపోయేలా ఏడుస్తూ పుట్టాడు. అమ్మ మంచం మీద నుంచే వాడి గోల చూసి నవ్వింది.

ఇప్పుడు మా వీధిలో కడుపుతో ఉన్న ఆడపిల్లలు ఫోన్లు పట్టుకుని నా దగ్గరకు వస్తారు. నాకు లీవు జీతం వస్తోంది, ఆయనకీ ఉద్యోగం ఉంది, ఇంక మాకు గవర్నమెంటు ఏమిస్తుంది ఆంటీ, అంటారు. రాదని ఎవరన్నారని అడుగుతాను. చాలాసార్లు ఎవరూ అని ఉండరు. పక్కన కూర్చోబెట్టుకుని అప్లికేషన్ పై నుంచి కింది దాకా చదివిస్తాను. కొన్నిట్లో ఉద్యోగం సంగతి అడుగుతారు, అక్కడ నిజమే రాయిస్తాను, రాకపోతే రాలేదు. కాదనేది ఉంటే ఆఫీసువాళ్ళే అంటారు, వాళ్ళ బదులు ఆ మాట మనం అనడం దేనికమ్మా, అంటాను.