మామ్మ అడిగిన బకాలా

2018 నవంబరు. ఖతర్‌లో జరగబోయే ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకు ఇంకా నాలుగేళ్ళుంది. అల్ ఖోర్ ఊరి బయట గుడారం ఆకారంలో స్టేడియం లేస్తోంది. పొద్దున్నే మంచు పట్టినప్పుడు దాని కప్పు నేలను వదిలి గాల్లో తేలుతున్నట్టు కనిపించేది. అక్కడ పనిచేసే ఇటలీ ఇంజినీరు రొకో గారింట్లో, వాళ్ళమ్మ కార్మేలా గారికి నేను హోమ్ కేర్ అసిస్టెంట్‌గా చేరాను. అంటే, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోగికి స్నానం, మందులు, తిండి, నడక చూసుకునే మనిషినన్నమాట.

నేను బడి మొహం చూసినదాన్ని కాదు. గోదావరి పక్క పల్లెలో మా అమ్మే వంటింట్లో పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు, లెక్కలు నేర్పింది. ఆ చదువుతోనే ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాసి, నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు చేశాను. ఎవరింట్లో పనికి వెళ్ళినా లోపల అడుగుపెట్టే ముందు మనసులో దేవుడికి దణ్ణం పెట్టుకోవడం నాకలవాటు.

కార్మేలా గారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. కొడుకును చూడ్డానికి వచ్చి, ఇక్కడే పక్షవాతం వచ్చి పడ్డారు. కుడి చెయ్యి పడిపోయింది. మాటా పోయింది. దీన్ని ఎఫేసియా అంటాం: చెప్పాలనుకున్నది మనసులో ఉంటుంది, మాట మాత్రం నోటికి అందదు. ఒకటీ అరా మాటలు మిగిలినా కొడుకు ముందు ఆవిడ నోరు తెరిచేవారు కాదు, సిగ్గు. రొకో గారు ఆవిడను ‘మమ్మా’ అనేవారు. మా వైపు నాన్నగారి అమ్మను మామ్మ అంటాం కాబట్టి నేనూ ‘మామ్మా’ అన్నాను. ఆయన మాటే నేనూ పలుకుతున్నాననుకుని ఆయన సంతోషించారు.

కష్టమంతా తిండి దగ్గరే. మింగడంలో లోపం లేదని పరీక్ష చేసి చెప్పారు. అయినా సూపు, గుడ్డు, పెరుగు ఏది పెట్టినా మామ్మ పెదవులు బిగించేసేవారు. రోజురోజుకూ చేతి గాజు మోచేతి దాకా జారుతోంది. డాక్టరు గారు, “వచ్చే గురువారానికి బరువు ఇంకా తగ్గితే రైల్స్ ట్యూబ్ వేద్దాం” అన్నారు. ముక్కులోంచి పొట్టకు దింపే సన్నటి గొట్టమది.

ఇంటికొచ్చాక రొకో గారు వంటింట్లో నిలబడి అడిగారు: “అమ్మ ఆ గొట్టం పీకేస్తుంది. అప్పుడేం చేస్తారు?”

“కొందరికి చేతికి మెత్తటి పట్టీ కట్టాల్సి వస్తుంది సార్.”

“మా అమ్మకు మిగిలింది ఆ ఒక్క చెయ్యే” అన్నారాయన.

అయితే ఒక్కటి మాత్రం మామ్మ రోజూ అడిగేవారు. పొద్దున నేను వెళ్ళగానే ఎడమ చేత్తో నా చున్నీ పట్టుకుని, “బకాలా... బకాలా” అనేవారు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు ఈ మాట చెప్పనక్కర్లేదు. వీధి చివర కిరాణా కొట్టును ఇక్కడ బకాలా అంటారు. “బకాలాయా మామ్మా?” అంటే మొహం వెలిగిపోయేది. వీల్‌చైర్లో కూర్చోబెట్టి తీసుకెళ్ళేదాన్ని. ఆవిడ అరలన్నీ పై నుంచి కింద దాకా చూసి, చివరి అర అయిపోగానే తల వాల్చేసేవారు. కొన్ని రోజులు కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. బయటి గాలికి బెంగ తీరుతుందిలే అనుకుని, మర్నాడు మళ్ళీ తీసుకెళ్ళేదాన్ని.

నన్ను పొద్దున దింపి సాయంత్రం తీసుకెళ్ళే కంపెనీ వ్యాన్ డ్రైవర్ లింగన్నది జగిత్యాల పక్క పల్లె. “ఏంది సిస్టర్, ముసలమ్మ దినాం దుకాణంకు పోయి ఏం కొనకుండనే వస్తదా? ఫులూస్ మాఫీ, పైసల్లేవు అంటదా?” అని నవ్వేవాడు.

ఇన్‌టేక్ చార్టు అని ఒకటి రాస్తాం. రోగి ఎంత తిన్నారు, తాగారు, ఏమడిగారు అన్నీ అందులో ఉండాలి. అడిగినవి రాసే గడిలో నేను రోజూ చక్కని ఇంగ్లిషులో ‘కిరాణా కొట్టుకు వెళ్ళాలని కోరారు’ అని రాసేదాన్ని. రొకో గారు చదివి, “సరే, తీసుకెళ్ళు” అనేవారు. పన్నెండో రోజు శుక్రవారం, ఆయనకు సెలవు. సాయంత్రం బయట లింగన్న హారన్ మీద హారన్ కొడుతుంటే, అంత వాక్యం రాసే తీరిక లేక ‘బకాలా’ అని ఒక్క ముక్క గీకి ఇచ్చాను.

ఆయన చార్టు పట్టుకుని గుమ్మం దాకా వచ్చారు. “ఈ మాట ఏమిటి?”

“కొట్టు సార్. మామ్మ రోజూ అడుగుతారుగా.”

“అమ్మ ఇదే మాట అందా? తన నోటితో?”

“రోజూ అంటారు సార్. మీ ముందు అనరు.”

ఆయన వెళ్ళి తల్లి కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, “మమ్మా, బక్కలా?” అని నొక్కి పలికారు. మామ్మ ఎడమ చెయ్యెత్తి కొడుకు నెత్తి మీద ఠపీమని ఒక్కటిచ్చి, “సీ! సీ!” అన్నారు. అంటే అవును, అవును అని. ఆయన నవ్వుతూ ఏడ్చారు.

“బక్కలా అంటే ఉప్పుచేప. పన్నెండు రోజులు మా అమ్మను చేప కోసం బిస్కెట్ల కొట్టుకు తిప్పావు!”

నాకు భూమిలోకి కుంగిపోయినంత పనైంది. ఆయన మాత్రం అప్పుడే కారు తీసి దోహా వెళ్ళి, పెద్ద స్టోర్లో వెతికి ఆ చేప పట్టుకొచ్చారట. కట్టెలా ఎండి, ఉప్పు పేరుకుని ఉంది. రెండు మూడు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెడితే గానీ తినడానికి పనికిరాదు. ఆయన తెల్లవారకముందే పనికి వెళ్ళాలి. మాకేమో కార్తీకమాసం, నేను నీచు ముట్టను. సంగతి చెబితే ఆయన కంగారుపడ్డారు. “అసలు మాకిది క్రిస్మస్ ముందు రోజు వంట. ఆ రోజు ఉపవాసం” అన్నారు.

“ఉపవాసం నాడు చేపా సార్!”

“మాంసం తినం కదా” అన్నారాయన, అదేదో పెద్ద నిష్ఠ అన్నట్టు. ఇద్దరం నవ్వుకున్నాం. నీళ్ళు నేనే మార్చాను. సాయంత్రం గదికి వెళ్ళి తలస్నానం చేసి దీపం పెట్టేదాన్ని. నా చేతి వాసన ఎక్కడిదో దేవుడికి తెలియనిదా!

చేప నానుతున్న ఆ సాయంత్రాలు ఇప్పటికీ నాకు కలలా ఉంటాయి. రొకో గారు పెందలాడే వచ్చి, తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ సీమ గురించి చెప్పేవారు. ఇటలీ బూటు ఆకారంలో ఉంటుంది కదా, ఆ బూటు అరికాలి వంపులో బసిలికాటా అనే కొండసీమ వాళ్ళది. మామ్మ పుట్టింది కొండ తొలిచిన గుహ ఇంట్లో. తల్లిదండ్రులు, పిల్లలు, గాడిద అంతా ఒకే కప్పు కింద. వీధంతటికీ ఒకటే పొయ్యి కాబట్టి, ఎవరి రొట్టె మీద వాళ్ళ ఇంటి గుర్తు చెక్క ముద్రతో అద్దేవారట. తర్వాత సర్కారు వాళ్ళను కొత్త ఇళ్ళకు తరలించింది. కళ్ళు మూసుకుంటే, కాలవలో తేలే కార్తీక దీపాలను ఎవరో కొండ నిలువునా పేర్చినట్టు ఆ గుహలన్నీ కనిపించేవి.

మామ్మ తండ్రి కూలికి అర్జెంటీనా వెళ్ళాడట. ఊరివాళ్ళు మాత్రం ‘మెరికా’, అంటే అమెరికా, వెళ్ళాడనేవారట. సముద్రం దాటితే వాళ్ళకంతా మెరికాయే. వ్యాన్‌లో చెబితే లింగన్న, “మా అవ్వ గూడ గంతే. ఖతర్ల ఉన్న అంటే ఇనది. మా కొడుకు దుబాయ్ పోయిండు అంటది” అన్నాడు.

సోమవారం వంట. మామ్మ కుర్చీని పొయ్యి దగ్గరికి జరిపాం. ఆవిడ వేలితో కిటికీ వైపు చూపించారు. అక్కడ ఎర్రటి ఎండుమిరపకాయల దండ వేలాడుతోంది. అది దిష్టి తగలకుండా కట్టిందనుకుని నేను అన్నాళ్ళూ చెయ్యి కూడా వెయ్యలేదు. చెబితే రొకో గారు పొట్ట పట్టుకుని నవ్వారు. అవి కారంలేని తియ్యమిరపకాయలు. ఆలివ్ నూనెలో మన ఊరమిరపకాయల్లా ఇలా వేసి అలా తీస్తే కరకరలాడతాయి. సముద్రాలు దాటి మన దగ్గరికొచ్చిన మిరపకాయ వాళ్ళ వంటింట్లోనూ ఇలా చుట్టమై కూర్చుందన్నమాట.

చేపను మెత్తగా ఉడికించి, ముళ్ళు ఏరి, మిరపకాయ పొడిలా నలిపి పైన చల్లాను. మొదటి చెంచా దగ్గర పెదవులు తెరుచుకున్నాయి. మామ్మ కళ్ళు మూసుకుని నమిలారు. ఏడు చెంచాలు తిన్నారు. ఎనిమిదోది తన చేత్తో అందుకుని నా నోటి దగ్గర పెట్టబోతే, “నాకు మాసం మామ్మా” అని దణ్ణం పెట్టాను. ఏమర్థమైందో, నా బుగ్గ నిమిరి అది తనే తినేశారు.

మర్నాడు చేపతో పాటు రొట్టె, బుధవారం సూపు కూడా లోపలికి వెళ్ళాయి. గురువారం తూకం చూస్తే బరువు పెరగలేదు, తగ్గనూ లేదు. “ట్యూబ్ ఇప్పుడొద్దు” అన్నారు డాక్టరు గారు. రొకో గారు తల్లి ఎడమ చేతిని కళ్ళకద్దుకున్నారు.

అప్పట్నుంచి చార్టులో రోగి అన్న మాటను అన్నది అన్నట్టే రాస్తాను. నాకు తోచిన అర్థం దాని పక్కన వేరే రాస్తాను. బకాలా నాకు తెలియని మాట అయ్యుంటే మొదటిరోజే కొడుకును అడిగేదాన్ని. తెలిసిన మాట కావడంతో ఇక వినడం మానేశాను. నోట మిగిలిన రెండు మూడు మాటల్లో ఒకదాన్ని, విసుక్కోకుండా పన్నెండు రోజులూ మళ్ళీ మళ్ళీ నాకిచ్చిందా తల్లి. ఆమె అడగడం మానేసి ఉంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.