కొండబాబు కొన్న హోమ్ థియేటర్

గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాడు మొదటి నెలలో ‘ఇంక వెళ్లను’ అంటాడు, రెండో నెలలో పెట్టె సర్దుకుంటాడు. మా రాజోలు వైపు ఇది ఎంత మామూలంటే, ఆ మాట అన్నవాడికి కాఫీ ఇచ్చి ఊరుకుంటారే తప్ప ఎవరూ జవాబు చెప్పరు. మా కొండబాబు చెడింది అక్కడే. వాడు నిజంగా అన్నాడు.

వాడూ నేనూ చిన్నప్పుడు ఒకే బెంచీ. నేను ఊళ్లోనే కుట్టుమిషను తొక్కుకుంటున్నాను. వాడు పెళ్లైన ఏడాదికే మస్కట్ వెళ్లి ఒక పెద్దింటి కారు నడుపుతున్నాడు. రెండువేల ఏడులో సెలవుకు వచ్చినప్పుడు నా కొట్టు బల్ల మీద కూర్చుని బయటపడ్డాడు.

“ఒరేయ్ కనకరాజూ, ఇంక నావల్ల కాదురా. ఆళ్లు షాపుల్లో తిరుగుతుంటే బయట కార్లో కూర్చుని కాపలా కాయడంతోనే నా బతుకు అయిపోతంది. ఇక్కడే ఓ టాక్సీ తోలుకుంటాను. సత్యదుర్గకి ఎలా చెప్పాలో తెలవట్లేదు.”

“పెళ్లాం నోటికి భయపడతావేంట్రా?” అన్నాను.

“నోటికి కాదురా. దాని సంబరానికి.”

ఆ సంబరమేమిటో మర్నాడే చూశాను. కొత్త డాబా, కొత్త టీవీ, ఇంక తక్కువైంది సౌండొక్కటే అని సత్యదుర్గ హోమ్ థియేటర్ కొనడానికి అమలాపురం ప్రయాణం కట్టింది. “మీరూ రండి అన్నయ్యగారూ. ఈయన ఔననరు, కాదనరు,” అంటూ నన్నూ లాగింది. “అక్కడే చెప్పేస్తానురా,” అన్నాడు కొండబాబు బస్సెక్కుతూ.

షాపులోకి సత్యదుర్గా నేనూ వెళ్లిపోయాం. వీడు అలవాటు కొద్దీ గుమ్మం బయటే నిలబడిపోయాడు. నాకు ఒళ్లు మండి, చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చాను.

“హాలు ఎంత పొడుగుంటాదండి? సోఫా టీవీకి ఎంత దూరమండి?” అని అడిగాడు షాపాయన.

కొండబాబు నావైపు చూశాడు. ఆ ఇల్లు వాడి కష్టమే. కానీ పునాది నుంచి రంగుల దాకా వాడు మస్కట్‌లో ఉండగా మామగారి చేతుల మీదుగా లేచింది. సొంతింట్లో దీపం వేయాలంటే ఇప్పటికీ గోడంతా తడుముకుంటాడు. సత్యదుర్గే కొలతలన్నీ చెప్పింది. స్పీకర్ల వైర్లకి గోడల్లో గొట్టాలు పెట్టించలేదనీ, ఇప్పుడు గోడ పగలగొట్టనివ్వననీ కూడా చెప్పింది.

“అయితే వైర్‌లెస్సే తీసుకోండమ్మా. వెనకాల పెట్టే స్పీకర్లకి టీవీ నుంచి వైరు లాగక్కర్లేదు. ఆటి కరెంటుకి ప్లగ్గు మటుకు ఉండాలండి.”

“వెనక గోడకి ప్లగ్గులున్నాయా?” అన్నాడు కొండబాబు.

“ఉన్నాయండీ. మనిల్లేనండీ అది!” అని సత్యదుర్గ నవ్వింది. షాపాయనా నవ్వాడు.

వాడు ఒక మూలనున్న రెండు స్పీకర్ల చిన్న సెట్టు దగ్గరికి వెళ్లి, దానిమీద చెయ్యి వేశాడు. “ఇది చాలు.”

“అదేంటండీ! పక్కింటోళ్లే అయిదు స్పీకర్లది పెట్టేరు.”

“నేనింక మస్కట్ వెళ్లను దుర్గా. ఇక్కడే ఉంటాను. దీంతో సరిపెట్టుకుందాం.”

“ఆయ్! సెలవుకొచ్చినోళ్లందరూ అనేదేనండి ఇది!” అన్నాడు షాపాయన. సత్యదుర్గ కూడా నవ్వబోయి ఆగిపోయింది. వాడు ఆ చిన్న సెట్టు మీద నుంచి చెయ్యి తీయలేదు. మాటను నమ్మని మనిషి ఆ చేతిని చూసి నమ్మింది.

“మా తమ్ముడికి మీ యజమానిగారే కదండీ వీసా ఇస్తానన్నారు,” అంది గొంతు తగ్గించి. “మీరు మానేస్తే ఆడి గతేంటి? నాన్నగారు ఊరంతా చెప్పేసుకున్నారు.”

“వాడు నిజంగానే అంటున్నాడు చెల్లెమ్మా,” అన్నాను.

“తెలుసు అన్నయ్యగారూ. అందుకే భయమేస్తంది.”

ఆవిడ చెడ్డదంటే నా కళ్లు పోతాయి. మొగుడు దూరాన ఉంటేనే సంసారం నిలబడుతుందని ఆ పిల్లకి నేర్పింది మా ఊరే. ఇంటింటా అదే పాఠం. ఎవరి మీద విసుక్కోవాలో తెలియక నేను ఊరి మీద విసుక్కున్నాను.

కొండబాబు చెయ్యి తీసేశాడు. “పెద్దదే కట్టండి. వైర్‌లెస్‌ది,” అన్నాడు.

సాయంత్రానికి ఇంట్లో బిగింపు అయిపోయింది. “ఈ సోఫాలో సరిగ్గా మధ్యన కూర్చోవాలండి. సౌండు అన్నివైపుల నుంచీ ఇక్కడికే వస్తాది,” అని చూపించాడు వచ్చిన మెకానిక్కు. సత్యదుర్గ భర్తను భుజాలు పట్టుకుని అక్కడ కూర్చోబెట్టింది. ముందు నుంచీ వెనక నుంచీ మోత మీద పడుతుంటే, వాడు చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. వాణ్ణలా చూడలేకపోయాను.

ఇంతలో ఎనిమిదో తరగతి చదివే వాళ్లమ్మాయి విజయ బడి నుంచి వచ్చింది. సంచీ పడేసి, తండ్రి పక్కకి ఎగిరి కూర్చుంది.

“నాన్నా, మీరెళ్లిపోయాక ఈ మధ్య చోటు నాదే. ముందే చెప్తున్నాను.”

కొండబాబు లేచి నిలబడ్డాడు.

“వెళ్లాక ఎందుకమ్మా, ఇప్పుడే కూర్చో,” అన్నాడు.