లైన్లో నిలబడ్డ గొడుగు

మనుషులు ఎందుకు సాయం చెయ్యరని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: రోజులు మారాయి, గుండెలు బండబారాయి. నేను ఒప్పుకోను. ఈ వేసవిలో కలకత్తా సాల్ట్ లేక్‌లో కళ్ళారా చూశాక అసలే ఒప్పుకోను. అడ్డం వచ్చేది గుండె కాదు, కాళ్ళు.

ఆఫీసులు వదిలే వేళ. వదినను కళ్ళ డాక్టరుకు చూపించి తిరిగి వస్తున్నాం. షేర్ ఆటోల లైను మలుపు దాటి టీ కొట్టు దాకా పోయింది. మేం సగం దూరం వచ్చేసరికి, మా ముందున్న పెద్దాయన ఉన్నట్టుండి కూలబడి పక్కకు ఒరిగిపోయాడు.

సలహాలు మొదలయ్యాయి. ఈ ఊళ్ళో వాటికెప్పుడు కరువు? ఒకరు షుగర్ అన్నారు, ఒకరు ప్రెషర్ అన్నారు. నీళ్ళు తెమ్మని అందరూ అంటున్నారు, తెచ్చేవాళ్ళు లేరు. ఆయన తల ఒళ్ళోకి తీసుకుని పైకి చూశాను. ముఖాలన్నీ ఆయన మీదే వంగి ఉన్నాయి. కాళ్ళు మాత్రం ఒక్కటీ లైను వదల్లేదు.

అప్పుడు తట్టింది నాకు. ఎండలో కాగి సంపాదించుకున్న చోటు అది, కదిలితే మళ్ళీ టీ కొట్టు దగ్గర్నుంచే. నేను పెరిగింది ఏక్‌బాల్‌పూర్‌లో, కార్పొరేషన్ పనివాళ్ళ క్వార్టర్స్‌లో. అక్కడ కుళాయి దగ్గర మనుషులు నిలబడరు, బిందెలు నిలబడతాయి. బిందె ఉందంటే మనిషి ఉన్నట్టే. ఎంతటి గయ్యాళి అయినా ఇంకొకరి బిందె జరపదు.

"సంచులు కింద పెట్టండి," అని బెంగాలీలో అరిచాను. "సంచే మనిషి. జరిపినవాళ్ళు నాతో మాట్లాడాలి."

"దీంతో మాటాడ్డం కన్నా సంచి కిందెట్టీడమే మేలు బాబూ," అని వదిన తెలుగులోనే అందరికీ చెప్పి, తన మందుల సంచి కింద పెట్టింది. పెద్దాయన చేతిలోంచి జారిన గొడుగు తీసి ఆయన చోటులో పడుకోబెట్టింది. "ఈయనకీ వొంతుంది కదేటి."

ఇక చూడాలి. లాప్‌టాప్ సంచులు, టిఫిన్ డబ్బాలు, ఓ హెల్మెట్ వరసగా నేల మీదికి దిగాయి, మనుషులు పరుగెత్తారు. నీళ్ళు వచ్చాయి, ఐసు ముక్కలు వచ్చాయి, ఇద్దరు చీర కొంగులతో విసురుతున్నారు. ఇంతలో ఆటో వచ్చింది. అది లైన్లో అందరికన్నా ముందున్న బట్టతలాయన వంతు.

"ఈ ఆటో నాది, దీదీ," అన్నాడు.

నేను యుద్ధానికి నోరు తెరిచాను. ఆయన బ్రీఫ్‌కేసు కింద పెట్టి, "అందుకే ఆసుపత్రికి నేనే తీసుకెళ్తాను. మీరు కాళ్ళు ఎత్తండి," అన్నాడు. నేను పెద్దాయన కాళ్ళు ఎత్తి లోపలికి చేర్చాను, ఆటో కదిలిపోయింది.

ఆటోలు వస్తున్నాయి, పోతున్నాయి. బ్రీఫ్‌కేసును దాటుకుని ఎక్కుతున్నారే తప్ప ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. మేం గొడుగును జరుపుకుంటూ ముందుకొచ్చాం. మా వంతు వచ్చింది.

"ఎక్కవేటే?" అంది వదిన.

"ఆయన బతికాడో లేదో తెలియకుండానా?"

"నానూ అదే అనుకుంటన్నాను. నువ్వే ముందనాలని ఆగాను."

వెనకవాళ్ళను ముందుకు పంపాం. చివరికి అదే ఆటో తిరిగొచ్చింది. చొక్కా తడిసిన బట్టతలాయన దిగుతూనే, "కళ్ళు తెరిచాడు. తెరవగానే నా గొడుగేదని గొడవ," అన్నాడు.

లైనంతా ఘొల్లున నవ్వింది. వదిన గొడుగు దులిపి ఆటో సీటు మీద కూర్చోబెట్టింది. "దీని వొంతొచ్చింది."

బట్టతలాయన బ్రీఫ్‌కేసు తీసుకుని గొడుగు పక్కన కూర్చున్నాడు. ఇంటికి కాదు, మళ్ళీ ఆసుపత్రికే పోనిమ్మన్నాడు. మేమూ ఎక్కాం.