లెక్క తప్పలేదు

ఆ రోజు పొద్దున ఐదున్నరకు మా అన్న ఎప్పటిలాగే అరుగు మీద చాప పరిచాడు. మా ఊరు అమరచింతలో మిడిల్ స్కూలు ముగించిన పిల్లలకు అది చివరి పాఠం. నవాబు పాలన కదా, హైస్కూల్లో చదువంతా ఉర్దూలోనే. అందుకని వాళ్ళకు వచ్చిన లెక్కలనే ఏడాదిగా ఉర్దూలో మళ్ళీ నేర్పుతున్నాడు.

ఆ పగలే మా బడికి హైస్కూలు ప్రవేశ పరీక్ష పెట్టడానికి వచ్చిన అధికారి ఆ పిల్లల్లో ఒకడైన, మా పొలం పనులు చేసే జీతగాడి కొడుకును ఉర్దూలో ఒక లెక్క అడిగాడు. వాడు తడుముకోకుండా జవాబు చెప్పాడు. తొందరలో తెలుగులో చెప్పాడు. అధికారి వాడిని పక్కకు నిలబెట్టాడు.

“లెక్క తప్పిందా సాబ్?” అన్నాడు అన్న.

“లెక్క సరే. ఉర్దూ జబాన్ రాదు. గీడనే గిట్లుంటే గాడికి పోయి ఏం జేస్తడు? గొడ్లు కాసుకోమను.”

గుమ్మంలో నిలబడ్డ వాడి తండ్రి, “గొడ్లను తెలుగులనే పిలుస్తం సాబ్. అవైనా ఇంటయి,” అని కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ పిల్లవాడు మళ్ళీ ఏ బడికీ పోలేదు. సరైన జవాబు చెప్పినవాడి చదువు ఆపే అధికారం ఆ మనిషికి ఎవరిచ్చారు? ఇన్నేళ్ళైనా నా కోపం తగ్గలేదు. అన్న కోపమూ తగ్గలేదు. అలాంటి వాళ్ళ ముందు నిలబెట్టడానికి ఇంకే పిల్లవాడినీ తయారు చేయనన్నాడు, చేయలేదు. మొన్న ఎండాకాలంలో చనిపోయాడు.

మా ఊళ్ళో పిల్లలను హైస్కూలుకు సిద్ధం చేసే పని ఇప్పుడెవరూ చేయడం లేదు.