వీరదుర్గ చెప్పిన కాయిన్ల పాఠం

మొగల్తూరు అవతల, సముద్రం ఒడ్డున చేపలు పట్టే కుటుంబంలో పుట్టిన వీరదుర్గ బీకాం పాసై భీమవరంలో త్రినాథరాజుగారి ఆఫీసులో చేరింది. ఆయన ఊళ్లో పేరున్న టాక్స్ కన్సల్టెంటు. రొయ్యల చెరువులవాళ్లు, రైస్ మిల్లులవాళ్లు, ఐస్ ఫ్యాక్టరీలవాళ్లు ఆయన దగ్గరికే వచ్చేవారు. మొదట్లో బిల్లులు సర్దిపెట్టడం ఆమె పని. పదేళ్లు తిరిగేసరికి రిటర్నులన్నీ ఆమె తయారుచేయడం, ఆయన ఒకసారి చూసి సరేననడం అలవాటైపోయింది.

క్రిప్టో కరెన్సీ మీద పన్ను వచ్చిన కొత్తలో ఎవరైనా ఆ మాటెత్తితే త్రినాథరాజుగారు చెయ్యి అడ్డంగా ఊపేవారు. “మనకెందుకమ్మా ఆ కాయిన్ల గొడవ. హైదరాబాదులో ఎవరినైనా చూసుకోమను” అనేవారు.

వచ్చినవాళ్లు ముఖం చిన్నబుచ్చుకుని మెట్లు దిగిపోతుంటే వీరదుర్గకు మనసొప్పేది కాదు. చట్టం తెచ్చుకుని చదివింది. చదువుతుంటే అర్థమైనట్టే ఉండేది, పుస్తకం మూస్తే ఏమీ మిగిలేది కాదు. ఇలా కాదని ఒక మధ్యాహ్నం క్యారేజీ తింటూ ఫోన్లో ఐదొందలు పెట్టి ఒక కాయిన్ కొంది. కొన్నాళ్లకు అందులో కొంత అమ్మింది, మిగతాది ఇంకో కాయిన్‌గా మార్చుకుంది. ఆ కాయిన్లు కొని అమ్మిపెట్టే ఎక్స్ఛేంజి పంపిన స్టేట్‌మెంటు ప్రింటు తీసి, ఏ అంకె ఎక్కడినుంచి వచ్చిందో పెన్సిలుతో గీసుకుంటూ కూర్చుంది. అప్పుడుగాని విషయం పట్టుబడలేదు.

ఆ ఏడాది జూలైలో, రిటర్నులు వేసే రోజుల్లో శ్రీనివాసరాజుగారు వచ్చారు. వనామీ రొయ్యల చెరువులు చేసే మనిషి, ఆఫీసుకి పాత క్లయింటు. చెరువు గట్టు మీద కూర్చుని ఏడాదంతా ఫోన్లో కాయిన్లు కొని అమ్మారట.

“మొత్తానికి నష్టమేనమ్మా. ఒకదాంట్లో వచ్చింది ఇంకోదాంట్లో పోయింది. అది చూపించక్కర్లేదు, వదిలెయ్” అన్నారు.

“వదలడానికి లేదండి. వచ్చినదాని మీద పన్ను కట్టాల్సిందే. పోయినదాన్ని అందులోంచి తీసెయ్యడానికి ఒప్పుకోరు.”

“అదేం రూలు? ఓ చెరువులో పోతే ఇంకో చెరువు లాభంలో తగ్గించుకోవట్లేదా?”

“చెరువులకైతే కుదురుతుందండి. దీనికి వేరేగా పెట్టారు. పైగా మీరు అమ్మినప్పుడల్లా ఎక్స్ఛేంజివాళ్లు కొంత పన్ను కోసి మీ పాన్ నెంబరు మీద కట్టేశారు. డిపార్ట్‌మెంటుకి తెలియకుండా ఏమీ లేదు.”

ఆయన కుర్చీ వెనక్కి జరిపి త్రినాథరాజుగారి వైపు తిరిగారు. “ఏంటి రాజుగారూ, ఇన్నేళ్లుగా మీ దగ్గరికే వస్తున్నాను. ఈ అమ్మాయి మాటే ఫైనలా?”

“రెండ్రోజులు టైమివ్వండి” అన్నారు త్రినాథరాజుగారు.

శ్రీనివాసరాజుగారు వెళ్లాక ఆయన వచ్చి వీరదుర్గ బల్ల ముందు, క్లయింట్లు కూర్చునే కుర్చీలో కూర్చున్నారు. “మొదటినుంచీ చెప్పమ్మా. నాకేమీ తెలియదనుకుని చెప్పు.”

ఆమె తన ఐదొందల కథంతా చూపించింది. అడిగిందే అడుగుతూ, మధ్యలో కళ్లజోడు తుడుచుకుంటూ, ఓపిగ్గా విన్నారాయన. చివరికి, “కొత్తదని కాదమ్మా నేను దూరంగా ఉన్నది. ఈ వయసులో తప్పు చెప్తానేమోనని” అన్నారు. వీరదుర్గ ఆయనకు కాఫీ తెప్పించింది.

ఆయన తనే ఫోన్ చేసి, అమ్మాయి చెప్పిందే రైటని శ్రీనివాసరాజుగారికి చెప్పారు. మర్నాడు శ్రీనివాసరాజుగారి మనిషొచ్చి ఆ ఇంటివాళ్ల ఫైళ్లన్నీ పట్టుకుపోయాడు. ఖాళీ అయిన అర చూస్తే వీరదుర్గకు ప్రాణం ఉసూరుమంది.

“నా వల్లే కదండీ.”

“నువ్వు లేకపోతే నేను తెలియక ఆ తప్పుడు రిటర్ను మీద సంతకం పెట్టేవాణ్ణి. ఆ మాట ఆలోచించు” అన్నారాయన. అక్కడితో ఊరుకోలేదు. చుట్టుపక్కల జిల్లాల టాక్స్ ప్రాక్టీషనర్లందరికీ కబురుపెట్టి, రాజమండ్రిలో ఒక ఆదివారం క్లాసు ఏర్పాటు చేయించారు. చెప్పేది వీరదుర్గ.

హాలు నిండా తలపండినవాళ్లే. పాఠం సగంలో ఉండగా పిఠాపురం నుంచి వచ్చిన బుల్లియ్యగారనే పెద్దాయన లేచారు.

“ఒక కాయిన్ ఇచ్చి ఇంకో కాయిన్ తీసుకుంటే రూపాయి చేతికి రాలేదు కదమ్మా. మరి పన్ను దేనికండి?”

వీరదుర్గ చట్టంలో ఉన్న మాట చెప్పింది. ఆయన కూర్చోలేదు. హాల్లో ఎవరికీ అది ఎక్కినట్టు లేదు. ఆమె మైకు దగ్గరగా పెట్టుకుంది.

“మా అమ్మ అచ్చాయమ్మ ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లు తిరిగేదండి. చేపలిచ్చి ధాన్యం తెచ్చేది. డబ్బు కంటికి కనపడేది కాదు. అయినా ఆ పూట చేపలు అమ్ముడైపోయినట్టే కదండీ. ఎంతకి పోయాయంటే, ఆ రోజు ధాన్యం ధర ఎంతుంటే అంతకి. ఇదీ అంతేనండి.”

“అలా చెప్పమ్మా” అని బుల్లియ్యగారు కూర్చున్నారు. వెనక వరసలో త్రినాథరాజుగారు తలవంచుకుని రాసుకుంటూ కనిపించారు. భోజనాల దగ్గర కూడా ప్లేటు పట్టుకుని ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు.

మరుసటి ఏడాది శ్రీనివాసరాజుగారి మేనల్లుడు తన కాయిన్ల లెక్కలున్న ఫోను పట్టుకుని ఆఫీసుకి వచ్చాడు. మావయ్యే వెళ్లమన్నాడని చెప్పాడు. ఆయన మాత్రం రాలేదు. వీరదుర్గ ఆ అబ్బాయిని కూర్చోమని, మావయ్యగారి చెరువులు ఎలా ఉన్నాయని అడిగి, పని మొదలుపెట్టింది.